ఏరడం ఆపు, ముందు ఒక్క సరుకు పట్టుకో

ప్రశ్న: మేడం, మాది ధర్మవరం. అనంతపురంలో టెక్స్‌టైల్ డిజైన్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఫైనల్ ప్రాజెక్టుకి ‘పారేసిన, రీసైకిల్ చేసిన వస్తువులతో వస్త్ర డిజైన్’ అని టాపిక్ తీసుకున్నాను. 4 నెలల్లో 20 శాంపిళ్ళు, 3 వస్తువులు చూపించాలి. ఇంటర్నెట్‌లో చూసి బాటిల్ మూతలు, పాత సీడీలు, చిప్స్ ప్యాకెట్లు, జీన్స్ ముక్కలు అన్నీ పోగేశాను. గది నిండింది గానీ డిజైన్ ఏదీ తట్టడం లేదు. గైడ్ చూసి “ఇందులో నీది ఏది?” అన్నారు. నాన్న కూలి మగ్గం నేస్తారు. శాంపిళ్ళు నేసి ఇవ్వమంటే “చెత్తను మగ్గమెక్కిస్తావా” అని కోప్పడ్డారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? మగ్గం లేకుండా చేయొచ్చా? చేసినవి అమ్మాలంటే రేటు ఎలా వేయాలి? పేరు వేయకండి.

సమాధానం:

మీ గైడ్ కాస్త కటువుగా అడిగి ఉండొచ్చు గానీ, నీ లిస్టు చదివాక నాకూ అదే అడగాలనిపించింది. బాటిల్ మూతలు, సీడీలు ఏ ఊళ్ళో అయినా దొరుకుతాయి. వాటితో చేయగలిగినవన్నీ ఎవరో ఎప్పుడో చేసి ఫొటోలు పెట్టేశారు. పైగా మూతల్ని జిగురుతో గుడ్డకు అంటిస్తే అది గోడకు తగిలించుకునే బొమ్మ అవుతుంది. టెక్స్‌టైల్ విద్యార్థిని చేసినదంటే వంగాలి, మడత పడాలి, ఉతికితే నిలవాలి, ఒంటికి తగిలితే గుచ్చుకోకూడదు. నువ్వు ఏరిన వాటిలో ఈ పరీక్షకు నిలిచేది జీన్స్ ముక్క ఒక్కటే.

అందుకని ఇంకేమీ ఏరొద్దు. ఒక్క సరుకు ఎంచుకుని, 4 నెలలూ దాన్నే అన్ని వైపుల నుంచీ పీకి చూడు. ఎంచుకునేటప్పుడు నేనైతే చూసేవి ఇవీ: అది మన చుట్టుపక్కల ప్రతి వారం కొత్తగా పుడుతూ ఉందా, ఎవరి చేతుల మీదుగా వస్తోందో మనకు తెలుసా, దానికి తనదంటూ ఒక గుణం ఉందా. ఒకసారి దొరికి మళ్ళీ దొరకని సరుకుతో శాంపిల్ చేయొచ్చు. రెండో పీసు అడిగితే మాత్రం చేతులెత్తేయాలి.

మన సీమలో ఇలాంటి సరుకుకు కరువేం లేదు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లున్నాయి, అక్కడ కటింగ్ టేబుల్ కింద రాలే ముక్కలు మూటలు మూటలుగా ఉంటాయి. డెనిమ్‌లో పడుగు (నిలువు పోగులు) నీలం, పేక (అడ్డ పోగులు) తెలుపు. అంచు నుంచి పోగులు లాగితే ఒక వైపు నీలి కుచ్చు, ఇంకో వైపు తెల్ల కుచ్చు వస్తుంది. ఆ ఒక్క గుణంతోనే పది శాంపిళ్ళు చేయొచ్చు. కర్నూలు మార్కెట్‌కి ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) వచ్చే ఎర్ర జాలీ సంచులు ఎప్పుడైనా దగ్గరగా పట్టుకుని చూశావా? చాలా వాటిలో పక్కపక్క పడుగు పోగులు రెండూ ఒకదాన్నొకటి మెలేసుకుని పేకను పట్టుకుంటాయి. లీనో వీవ్ అని నువ్వు రెండో సంవత్సరంలో గ్రాఫ్ పేపర్ మీద గీసి ఉంటావు, అదే ఇది. కడప జిల్లా పులివెందుల వైపు అరటి గెల కోశాక బోదెలు తోటలోనే పడి ఉంటాయి. వాటి నార గట్టిదే గానీ బిరుసు, ఎక్కువగా పేకకే వాడతారు. అది తీయడానికి మిషన్ కావాలి, లేదంటే చేతులు పుండ్లు పడతాయి. నీకున్న టైమ్‌లో అరటి జోలికి పోవద్దు.

అయితే ఇవన్నీ వేరే ఊళ్ళ పిల్లలకు చెప్పాల్సినవి. నువ్వు ధర్మవరం పిల్లవు. మగ్గాలున్న వీధిలో పుట్టి, చిప్స్ ప్యాకెట్లు ఏరుకుంటూ అనంతపురమంతా తిరిగావంటే నాకు నవ్వొచ్చింది, కోప్పడకు.

మీ ఇంట్లో మగ్గం పక్కన గోడకు ఒక సంచీ వేలాడుతూ ఉంటుంది చూడు. కొత్త వార్పు (మగ్గానికెక్కించే పడుగు) అతికేటప్పుడు కత్తిరించిన కొసలు, పేక దారం చుట్టిన కండె మీద చివర్న మిగిలిన నాలుగు మూరల పోగు, చిక్కుపడి విప్పలేక పక్కన పడేసిన రేషం (పట్టు పోగు), చీరకూ చీరకూ మధ్య నేయకుండా వదిలిన పడుగులోంచి కోసిన ముక్కలు, అన్నీ అందులోకే పోతాయి. నీ సరుకు అదే. అసలైన పట్టు, ముందే రంగేసినది, ప్రతి ఇంట్లోనూ ఎంతో కొంత రోజూ పోగయ్యేది. ఏ నెలలో ఏ రంగులు దొరుకుతాయన్నది ఆ నెల ఏ చీరలకు ఆర్డర్లు వచ్చాయన్న దాన్ని బట్టి ఉంటుంది. అంటే నీ రంగుల కార్డు నువ్వు కంప్యూటర్ ముందు కూర్చుని తయారుచేయక్కర్లేదు, వీధే ఇస్తుంది. పెద్దంచు చీరల ఊరు కాబట్టి చీర ఒంటి రంగు, దానికి ఎదురుగా అంచు రంగు, రెండూ జతగానే దొరుకుతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మీ నాన్న కూలి మగ్గం నేస్తారని రాశావు. అంటే వార్పు, పేక పట్టు, జరీ అన్నీ షావుకారు తూకం వేసి ఇచ్చినవే. చీర తిరిగిచ్చేటప్పుడు మళ్ళీ తూకం చూస్తారు. మిగిలిన కొసలు మీ ఇంటివా, షావుకారువా అన్నది ఒక్కో చోట ఒక్కో రకం. కొన్ని ఇళ్ళలో ఆ వేస్టు పట్టును కిలోల లెక్కన కొనేవాళ్ళకు అమ్ముకుని పండక్కో దేనికో వాడుకుంటారు. అమ్మకు వచ్చే ఆ నాలుగు డబ్బులు నీ ప్రాజెక్టు తినేయకూడదు. కొనేవాళ్ళు ఇచ్చే రేటే నువ్వూ ఇచ్చి తీసుకో, ఆ ఖర్చు ప్రాజెక్టు పుస్తకంలో రాయి. దీనివల్ల ఇంకో లాభముంది. “ఇది నిజంగా చెత్తేనా, దీనికి మార్కెట్ ఉంది కదా?” అని వైవాలో ఎవరైనా అడిగితే నీ దగ్గర జవాబుంటుంది. మన దేశంలో పాత గుడ్డలు కూడా ఊరికే పోవు. పానిపట్‌లో పాత ఉన్ని బట్టల్ని చీల్చి, మళ్ళీ దారం తీసి, కంబళ్ళు నేసే పరిశ్రమే ఉంది. నువ్వు చేసేది ఆ సరుకుకు ఇప్పుడు పలికే ధర కంటే ఎక్కువ విలువ తేవడం. దాన్ని అలాగే చెప్పు, భూమిని ఉద్ధరిస్తున్నట్టు చెప్పకు.

ఇప్పుడు డిజైన్ సంగతి. కొసలు పొట్టివి, మూరెడో రెండు మూరలో ఉంటాయి. పొట్టిదాన్ని పొడుగు చేయాలంటే ముడి వేయాలి. ముడి వేస్తే బుడిపె వస్తుంది. చాలామంది ఆ బుడిపెను దాచాలని చూస్తారు. నువ్వు దాచకు. నాలుగైదు పోగులు కలిపి ఒక కట్ట చేసి, కట్టకూ కట్టకూ ముడేసి, ఆ ముడుల దారాన్ని పేకగా వేసి నేసి చూడు. ముడి కొసలు పైకి వదిలితే ఒక రకం, కిందికి నెడితే ఒక రకం, ముడులన్నీ ఒకే వరసలో పడేలా కొలిచి కడితే ఇంకో రకం. పోగుల సంఖ్య మార్చు, ముడుల మధ్య దూరం మార్చు, కొసల పొడుగు మార్చు. పెద్ద ఖర్చు లేకుండానే 20 శాంపిళ్ళు ఇక్కడే పూర్తవుతాయి. గ్రాఫిక్స్ ఏవీ అక్కర్లేదు.

ఇంకో మాట. దయచేసి వీటి మీద లేపాక్షి డిజైన్లు ప్రింట్ చేయకు. లేపాక్షి లతా మంటపం స్తంభాల మీద ఉన్న అంచు నమూనాలు అద్భుతమైనవే. మన జిల్లా పిల్లల ప్రాజెక్టుల్లో అవి లేని ప్రాజెక్టు నేను చూడలేదు. ముడుల పేకకు దానిదైన నమూనా ఉంది, దాని నెత్తిన ఇంకొకటి ఎక్కిస్తే రెండూ పాడవుతాయి.

మీ వీధిలోనే ఇంకో వస్తువు కూడా ఉంది, దాన్ని తోడుగా తీసుకోవచ్చు. జకార్డు అట్టలు, అంటే ఏ పోగు ఎప్పుడు లేవాలో మగ్గానికి చెప్పే చిల్లుల అట్టలు. కంప్యూటర్ జకార్డులు వచ్చిన చోట పాత చిల్లుల అట్టల దండలు అటక మీదో, పాత సామాన్ల అంగడిలోనో పడి ఉన్నాయి. ఒక్కో దండ ఒక చీర అంచు. వాటితో ల్యాంప్ షేడ్లు, పెన్ స్టాండ్లు చేసినవాళ్ళు ఉన్నారు, నాకవి నచ్చవు. నువ్వైతే అట్టను స్టెన్సిల్‌గా వాడు. బట్ట మీద పెట్టి చిల్లుల్లోంచి రంగు అద్దితే చుక్కల వరసలు వస్తాయి. నేసేటప్పుడు పువ్వై కనిపించేది ఇక్కడ వట్టి చుక్కలుగా కనిపిస్తుంది. శాంపిల్ బుక్‌కి అట్టలుగానూ అవే పనికొస్తాయి. తీసుకునే ముందు ఆ డిజైన్ ఎవరిదో కనుక్కో. ఇప్పటికీ నడుస్తున్న డిజైన్ అయితే దాని అట్టల ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం నాన్నకు తలనొప్పి తెస్తుంది.

పాత పట్టు చీరలు వాడదామని నీకు ఎలాగూ ఆలోచన వస్తుంది, అందరికీ వస్తుంది. “పాత పట్టుచీరలు కొంటాం” అని వీధిలో అరుచుకుంటూ వచ్చేవాళ్ళు వాటిని ఎందుకు కొంటారో తెలుసు కదా? జరీ కోసం. పాతకాలపు అసలు జరీలో పట్టు పోగు చుట్టూ వెండి తీగ చుట్టి, దానికి బంగారు పూత వేస్తారు. చీరను కాల్చేసి ఆ వెండి తీసుకుంటారు. జరీని గోటితో గట్టిగా గీరినప్పుడు లోపల ఎర్రటి పట్టు పోగు కనిపిస్తే అసలు జరీ కావచ్చు. అప్పుడు కత్తెర పక్కన పెట్టి తెలిసినవాళ్ళకు చూపించు. జేజి చీర కోసేసి, తర్వాత దాని విలువ తెలిస్తే ఇంట్లో ఏడాది పాటు మాటలు పడాలి. ఇక బట్ట సంగతి. ఏళ్ళ తరబడి బీరువాలో ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత గీత వెంబడే చిట్లుతుంది. రెండు బొటన వేళ్ళ మధ్య పట్టి లాగి చూడు, టప్పున పోతే ఆ భాగం ఏ పనికీ రాదు. మడతకూ మడతకూ మధ్య ఉన్న గట్టి భాగమే తీసుకో, దానికి కూడా వెనక పాత నూలు గుడ్డ ఆసరా ఇవ్వు.

సరుకు ఏదైనా ముందు దాని జాతి తేల్చుకో. ఈ రోజుల్లో ‘పట్టు’ అని ఇచ్చిన పోగులో పాలిస్టర్ కూడా ఉంటోంది. గిన్నెలో నీళ్ళు పెట్టుకుని, పట్టకారుతో ఒక చిన్న పోగు పట్టి అగ్గిపుల్లతో అంటించు. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే మెల్లగా ఆరిపోతుంది, నల్లటి బూడిద వేళ్ళతో నలిపితే పొడవుతుంది. నూలు కాగితంలా కాలిపోయి తెల్లటి బూడిద మిగులుస్తుంది. పాలిస్టర్ ముడుచుకుని కరిగి, చల్లారాక గట్టి పూసలా ఉండిపోతుంది. కరిగే చుక్క చర్మం మీద పడితే బొబ్బే, అందుకే నీళ్ళ గిన్నె. ప్రతి మూటలోంచీ ఒక పోగు ఇలా కాల్చి, ఆ ఫలితం కాగితం మీద రాసి మూటకు కట్టు.

తర్వాత రంగు వదులుతుందేమో చూడాలి. తడిపిన తెల్ల నూలు గుడ్డలో కొసల్ని చుట్టి, బరువు కింద ఒక రాత్రి ఉంచు. ఎర్రలు, ముదురు నీలాలు చాలావరకు అప్పుడే బయటపడతాయి. రంగు వదిలేవి విడిగా పెట్టి, ముదురు రంగు శాంపిళ్ళకే వాడు. పట్టును సోడా ఉన్న సబ్బుతో ఉతకొద్దు, పోగు చచ్చిపోతుంది. కుంకుడుకాయ రసం చాలు. నీడలో ఆరేయి.

ఇక మగ్గం. నాన్న కోప్పడటంలో న్యాయం ఉంది. ఆయన మగ్గం మీదున్న వార్పు షావుకారుది. పన్నె (పడుగు పోగులు దూర్చే దువ్వెన లాంటిది) సన్నని పట్టు పోగుకు సరిపోయేది. పేక మధ్యలో ముడుల బుడిపెలు వస్తే పడుగు పోగులు తెగుతాయి, తెగిన ప్రతి పోగూ ఆయన కూర్చుని అతకాలి, అంతసేపూ కూలి ఉండదు. శ్రావణ మాసం చీరల హడావిడిలో వెళ్ళి అడిగితే ఏ నేతగాడైనా అలాగే అంటాడు. అడగాల్సిన సమయం వేరే ఉంది. ఒక వార్పు అయిపోయి, కొత్తది అతకడానికి ముందు ఒకటో రెండో రోజులు మగ్గం ఖాళీగా ఉంటుంది. ఆషాఢంలో పని మందగించినప్పుడూ ఉంటుంది. అప్పుడు కూడా మగ్గం అడగొద్దు, సలహా అడుగు. “నాన్నా, ఈ ముడుల దారానికి పడుగు ఏ నంబరు నూలు పెడితే తెగకుండా ఉంటుంది?” అని ముడులు కట్టిన కట్ట ఒకటి చేతికివ్వు. చెత్త అని విసిరేసినా సరే, వేళ్ళతో దాన్ని సాగదీసి చూడకుండా విసరడు. నేతగాడి చేతికి పోగిస్తే అంతే. ఆయన చెప్పిన లెక్క నీ పుస్తకంలో ఆయన పేరుతో రాయి. నేసిన చీర మీద ఆయన పేరెప్పుడూ ఉండి ఉండదు, కనీసం నీ ప్రాజెక్టులోనైనా ఉండనీ.

మగ్గం దొరక్కపోతే ప్రాజెక్టు ఆగిపోదు. అటక మీద పాత నవారు మంచం ఉంటే దించు. పట్టీలు విప్పేస్తే మిగిలే చట్రమే నీ మగ్గం. తల వైపు పట్టెకు, కాళ్ళ వైపు పట్టెకు అంగుళానికి ఇన్ని అని సమాన దూరంలో మేకులు కొట్టి, 2/20 నూలు (20 నంబరు పోగులు రెండు కలిపి పేనినది) రెండేసి పోగులుగా గట్టిగా లాగి చుట్టు. ఒకటి విడిచి ఒకటి పైకెత్తడానికి ఒక చెక్క బద్ద, పేకను కిందికి కొట్టడానికి పళ్ళు దగ్గరగా లేని పాత దువ్వెన చాలు. నిదానంగా సాగుతుంది. కానీ శాంపిళ్ళకు వెడల్పు ఒక జానెడు చాలు కదా. నూలు కోసం దూరం పోనక్కర్లేదు. కర్నూలు వైపు ఎమ్మిగనూరు నూలు నేతకు పేరున్న ఊరు, అక్కడి చేనేత సహకార సంఘాన్ని మాచాని సోమప్ప 1938లో మొదలుపెట్టారు. దుప్పట్లు, తువ్వాళ్ళు నేసేవాళ్ళ దగ్గర పడుగుకు పనికొచ్చే నూలు చిలపలు దొరుకుతాయి. పడుగు మాత్రం కొత్త నూలే వాడు. ‘అంతా రీసైకిలే’ అనే పట్టుదలతో పాత దారం పడుగు వేసినవాళ్ళు నేసినంత సేపూ తెగిన పోగులు కట్టుకుంటూనే ఉంటారు. వస్తువు బరువులో కొత్త నూలు ఎంత శాతమో తూచి నిజాయితీగా రాస్తే ఎవరూ తప్పు పట్టరు.

పెద్ద వస్తువు ఒకటి కావాలంటే అమ్మ పాత నూలు చీరలు తీసుకో. వాటిని పట్టీలుగా చింపి పేకగా వేసే పద్ధతి చాలా దేశాల్లో ఉంది, జపాన్‌లో సకిఓరి అంటారు. లెక్క ముందే వేసుకో. 5.5 మీటర్ల చీర, 1.1 మీటర్ల పన్నా. 2 సెంటీమీటర్ల పట్టీలు చింపితే 55 పట్టీలు, మొత్తం 300 మీటర్లు. ఒక మీటరు వెడల్పు, 2 మీటర్ల పొడుగు చాప నేయాలంటే అంగుళానికి 7 వరసలు చొప్పున సుమారు 550 మీటర్లు కావాలి, పేక వంకరకు పోయేది కలిపితే 600. అంటే రెండు చీరలు. ఈ లెక్క తెలియక మధ్యలో చీర అయిపోయి, వేరే రంగు అతికించి, దాన్నే డిజైన్ అని చెప్పుకున్న ప్రాజెక్టులు చాలా చూశాను.

అమ్మ బొంతలు కుడుతుందో లేదో నువ్వు రాయలేదు. కుట్టకపోతే జేజి కుట్టి ఉంటుంది. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, అంచు నుంచి మధ్యకు ఆ పొడుగు కుట్టు వేసుకుంటూ పోవడం మన ఇళ్ళలో ఉన్న విద్యే. చిట్లిన పట్టును బతికించడానికి నాకు తెలిసి దానికన్నా మంచి దారి లేదు. చిట్లిన ముక్కను నూలు పొర మీద పరిచి, దగ్గర దగ్గరగా కుట్టు వేస్తే బరువంతా కింది గుడ్డ మోస్తుంది, పట్టు పైన మెరిస్తే చాలు. రేషం కొసల్నే ఆ కుట్టుకు దారంగా వాడు. ఇక్కడ నీ కొస పట్టు, పాత చీర రెండూ కలుస్తాయి.

నూలు పొరకు తెల్లరంగు విసుగనిపిస్తే ఎర్రగడ్డ తొక్కలున్నాయి. హోటల్ వాళ్ళనడిగితే రోజుకో సంచీడు ఇస్తారు. నూలు గుడ్డను ముందు కరక్కాయ పొడి నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టు. తర్వాత గుడ్డ బరువులో 15 శాతం పటిక కరిగించిన వేడి నీళ్ళలో ఉంచు. ఆ తర్వాత గుడ్డ బరువుకు సమానంగా ఎండు తొక్కలు తీసుకుని మరిగించి, వడకట్టిన నీళ్ళలో గంట సేపు సన్నని సెగ మీద ఉంచితే తేనె రంగు నుంచి ఇటుక గోధుమ దాకా వస్తుంది. తుప్పు పట్టిన మేకులు బెల్లం నీళ్ళలో ఊరబెట్టి ఆ నీళ్ళు కొద్దిగా కలిపితే ముదురు పాచి రంగుకు తిరుగుతుంది. వంట గిన్నెలు వాడకు. ఎర్రగడ్డ తొక్క రంగు ఎండకు వెలుస్తుంది, ఆ మాట దాచకు. గుడ్డ ముక్కను సగం అట్టతో కప్పి మేడ మీద రెండు వారాలు పెడితే ఎంత వెలిసిందో కనిపిస్తుంది. మన అనంతపురం ఎండ ముందు ల్యాబ్ మిషన్ ఎందుకు?

ఇలాంటి పరీక్షలే నీ ప్రాజెక్టుకు వెన్నెముక. ప్రతి శాంపిల్‌కూ పది సెంటీమీటర్ల చతురస్రం కోసి, ఉతికి, ఎంత ముడుచుకుందో కొలువు. తెల్ల గుడ్డతో పొడిగా ఒకసారి, తడిగా ఒకసారి రుద్ది ఆ గుడ్డను పక్కనే అతికించు. సరుకు ఎంత తెచ్చావు, అందులో ఎంత వాడావు, ఎంత మళ్ళీ చెత్తయింది, వంటింటి తూకం మీద తూచి రాయి. మూడోదాన్ని చాలామంది రాయరు. పాత బట్టతో చేసే పనిలో అక్కరకు రాని ముక్కలు బాగానే మిగులుతాయి. అవి దిండులోకి కూరావా, పారేశావా చెప్పాలి. పాడైన శాంపిళ్ళు కూడా పుస్తకంలో ఉంచు, పక్కన కారణం ఒక వాక్యం రాసి.

20 శాంపిళ్ళలోంచి 3 వస్తువులు ఏవన్నది మొదటి నెలన్నర అయ్యాకే తేల్చుకో. ఇప్పుడే ‘జాకెట్, బ్యాగ్, వాల్ హ్యాంగింగ్’ అని రాసుకుంటే సరుకును వాటికి లొంగదీయడంలోనే టైమ్ పోతుంది. ముడుల బట్ట రాపిడికి ఆగదు, కాబట్టి బ్యాగ్ అడుగుకు, కుర్చీ సీటుకు వద్దు. దిండు గలీబు ముందు వైపుకు, రవిక చేతి అంచుకు, స్టోల్ కొసలకు బాగుంటుంది.

రేటు సంగతి అడిగావు. ఒక దిండు గలీబు లెక్క చూద్దాం. 40 సెంటీమీటర్ల చతురస్రం, అంగుళానికి 20 పేకలు. దాదాపు 140 మీటర్ల ముడుల దారం కావాలి. ఒక్కో కట్ట ముడి పోను 45 సెంటీమీటర్లు దక్కితే 300కు పైగా ముడులు. ముడికి అర నిమిషం వేసుకున్నా రెండున్నర గంటలు. ఆ తర్వాత నేత, ఉతుకు, కుట్టు. ముడులు అమ్మ, పక్కింటి అక్క కూర్చుని కడతారు అనుకుంటావేమో, ఆ గంటలకు కూడా కూలి వేయి, వాళ్ళకు ఇవ్వు కూడా. “వేస్టుతో చేసిందే కదా, ఇంత రేటా?” అని మొదటి కస్టమరే అంటారు. వాళ్ళకు ముడుల లెక్క చూపించు. అయినా కొనకపోతే డిజైన్‌లో ముడులు తగ్గించే దారి వెతుకు. కట్టలు మందంగా చేసి పేకలు సగానికి తగ్గిస్తే ముడులూ సగమవుతాయి, బట్ట రూపం కూడా మారుతుంది. అది ఇంకో శాంపిల్. అంగడివాళ్ళ ద్వారా అమ్మితే వాళ్ళ వాటా కూడా రేటులోనే ఉండాలని మర్చిపోకు.

లేబుల్ మీద ‘ధర్మవరం పట్టు’ అని మాత్రం రాయకు. ధర్మవరం చేనేత పట్టు చీరలకు, పావడాలకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది, ఆ పేరు వాటిదే. ‘ధర్మవరం మగ్గాల మీద మిగిలిన పట్టు పోగులతో, నూలు పడుగు మీద చేత్తో నేసినది’ అని ఉన్నదున్నట్టు రాయి, కింద పట్టు ఎంత శాతం, నూలు ఎంత శాతం, ఎలా ఉతకాలి అని వేయి.

ముందు ఈ ఆదివారం మీ వీధిలో ఓ పది ఇళ్ళకు వెళ్ళి, వారానికి ఎంత కొస పట్టు పోగవుతుంది, ఎవరు కొంటున్నారు, ఎంతకు, ఏ రంగులు అని అడిగి రాసుకో. ఇంటి పేర్లు రాయొద్దు, ఎన్ని మగ్గాలున్నాయో చాలు. ఆ కాగితం, ముడులు కట్టిన ఒక కట్ట, కాల్చి చూసిన పోగుల ఫలితాలు పట్టుకుని సోమవారం మీ గైడ్ దగ్గరికి వెళ్ళు. 3 వస్తువులు ఏవని అడిగితే ఇంకో నెలన్నర గడువు అడుగు.